ఒకే అడ్రినల్ గ్రంథిలో రెండు కణితులు: ఏ స్కాన్, ఏ పరీక్ష, కత్తి ఎప్పుడు?

కడుపు నొప్పికో, కిడ్నీలో రాయికో సీటీ తీయిస్తే, రిపోర్టు చివర్లో "ఎడమ అడ్రినల్‌లో గడ్డ ఉంది" అనే వాక్యం కనబడటం అరుదేమీ కాదు. అడ్రినల్ అంటే ఒక్కో కిడ్నీ మీద ఒకటి చొప్పున ఉండే హార్మోన్ గ్రంథి. పెద్దవాళ్లకు తీసే సీటీల్లో నూటికి 3 నుంచి 5 మందిలో ఇలాంటివి బయటపడుతుంటాయి. వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. వీటిలో చాలావరకు అడినోమాలే, అంటే క్యాన్సర్ కాని మామూలు గడ్డలు. వాటి గురించి ఇప్పటికే బోలెడంత సమాచారం దొరుకుతుంది.

తికమకంతా అదే రిపోర్టులో "గడ్డలో రెండు వేర్వేరు భాగాలున్నాయి, కొలిషన్ ట్యూమర్ అయ్యే అవకాశం ఉంది" అని రాసినప్పుడు మొదలవుతుంది. కొలిషన్ ట్యూమర్ అంటే ఒకే గ్రంథిలో పక్కపక్కనే పెరిగిన రెండు వేర్వేరు కణితులు. ఒక డాక్టర్ "ఆరు నెలలు ఆగి చూద్దాం" అంటారు, ఇంకొకరు "తీసేస్తే పోతుంది" అంటారు, మధ్యలో ఎవరో "సూది పరీక్ష చేయించారా?" అని అడుగుతారు. ముగ్గురూ తమతమ కోణంలో సరిగ్గానే మాట్లాడుతుండవచ్చు. ఎవరి మాట మీకు వర్తిస్తుందో తేలాలంటే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: గ్రంథిలో రెండు కణితులున్నప్పుడు, రెండింటిలో చెడ్డది ఏదో దాన్ని బట్టే నడుచుకోవాలి. మొదటిది మంచిదని తేలినంత మాత్రాన రెండోదానికి క్లీన్ చిట్ రాదు.

ఏ జంట అనేదే అసలు ప్రశ్న

అడ్రినల్ చిన్న గ్రంథే, నాలుగైదు గ్రాములు తూగుతుంది. కానీ లోపల రెండు వేర్వేరు అవయవాలు కలిసి కాపురం చేస్తున్నట్టు ఉంటుంది. పైపొర కార్టెక్స్. కార్టిసాల్, ఆల్డోస్టెరాన్ అక్కడే తయారవుతాయి. లోపలి భాగం మెడుల్లా. అడ్రినలిన్ జాతి హార్మోన్లు అక్కడివి. రెండింటి పుట్టుకా వేరు, పనీ వేరు. కాబట్టి వాటిలో వచ్చే కణితులు కూడా వేరుగానే ఉంటాయి. దీనికి తోడు, వేరే అవయవంలోని క్యాన్సర్ వచ్చి స్థిరపడటానికి కూడా అడ్రినల్ అనువైన చోటు.

ఎక్కువగా కనిపించే జంట అడినోమా, మైలోలైపోమా. మైలోలైపోమా అంటే కొవ్వు, ఎముక మజ్జలో ఉండే కణాలు కలిసిన గడ్డ. క్యాన్సర్ కాదు, హార్మోన్లూ వదలదు. ఈ జంట అయితే సగం టెన్షన్ తగ్గినట్టే. పక్కనున్న అడినోమా కార్టిసాల్ వదులుతోందా లేదా అన్నది మాత్రం చూసుకోవాలి.

రెండో జంట అడినోమా, మెటాస్టాసిస్ (వేరే అవయవం నుంచి పాకి వచ్చిన క్యాన్సర్). ఇప్పటికే ఊపిరితిత్తులు, కిడ్నీ, రొమ్ము క్యాన్సర్‌కో, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కో చికిత్స పొందుతున్నవారిలో దీన్ని వెతకాలి. పాత స్కాన్‌లో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న అడినోమా ఒక్కసారిగా ఒక పక్కనే ఉబ్బితే, "అది పాతదేలే" అని వదిలెయ్యకూడదు.

మూడోది అరుదు, కానీ భయపడాల్సింది ఇదే: కార్టెక్స్‌లో అడినోమా, మెడుల్లాలో ఫియోక్రోమోసైటోమా. ఫియో అడ్రినలిన్ జాతి హార్మోన్లను ఉన్నట్టుండి రక్తంలోకి వదలగలదు. బీపీ ఆకాశానికంటుతుంది, గుండె దడదడలాడుతుంది, చెమటలు పోస్తాయి, తలనొప్పి పగలగొడుతుంది. కొందరిలో ఇవేవీ ఉండవు. గుర్తించకుండా మత్తు ఇచ్చి ఆపరేషన్ మొదలుపెడితే ప్రాణం మీదికి రావచ్చు.

రిపోర్టుల్లో "కాంపోజిట్" అన్న మాట కూడా ఎదురవుతుంది. కొలిషన్‌లో రెండు కణితులు పక్కపక్కనే ఉన్నా మధ్య గీత గీసినట్టు విడిగా ఉంటాయి. కాంపోజిట్‌లో ఫియోతో పాటు అదే మూలం నుంచి వచ్చిన గాంగ్లియోన్యూరోమా (నరాల కణాల గడ్డ) లాంటిది కలగలిసి ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు మీరు తీసుకునే నిర్ణయాల వరకు ఈ తేడాతో పెద్దగా పని లేదు. లోపల ఫియో ఉందంటే ఫియోకి తీసుకునే జాగ్రత్తలన్నీ తీసుకోవాల్సిందే.

రెండు భాగాలు కనబడితే రెండు కణితులేనా?

కాకపోవచ్చు. ఒకే కణితిలో రక్తం చిమ్మి గడ్డకట్టినా, నీటితిత్తిలా మారినా, మధ్యలో కణాలు చనిపోయినా స్కాన్‌లో రెండు రకాలుగానే కనిపిస్తుంది. పాత అడినోమాలో అక్కడక్కడా కొవ్వు ఏర్పడటమూ ఉంది. అడ్రినల్ కార్టెక్స్ క్యాన్సర్‌లో కూడా అరుదుగా కొవ్వు తునకలు కనబడతాయి. కాబట్టి పెద్ద గడ్డలో ఓ మూల కొవ్వు కనిపించగానే మైలోలైపోమా అని ముద్ర వేసేయకూడదు.

హార్మోన్ల లెక్కా అంతే. కార్టిసాల్ ఎక్కువ, మెటానెఫ్రిన్లూ (అడ్రినలిన్ జాతి హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలు) ఎక్కువ అంటే రెండు కణితులు ఉండి తీరాలని లేదు. ఫియో ఒక్కటే ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను వదిలి, దాంతో కార్టెక్స్‌ను ఉసిగొల్పి కార్టిసాల్ పెంచగలదు. అలాగే ఒకే అడినోమా ఆల్డోస్టెరాన్‌నీ కార్టిసాల్‌నీ కలిపి వదిలే కేసులు అరుదేమీ కావు. దీన్ని తేల్చడానికి రక్తంలో ఏసీటీహెచ్ చూస్తారు. అడినోమా సొంతంగా కార్టిసాల్ చేస్తుంటే అది అణిగిపోయి ఉంటుంది, ఫియో వదులుతుంటే ఎక్కువగా ఉంటుంది. చిన్న పరీక్షే గానీ కథ మొత్తం తిప్పేస్తుంది.

సీటీ, ఎంఆర్ఐ, పెట్: ముందు ఏది?

ముందు కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనబడటానికి నరంలోకి ఎక్కించే మందు) లేని సీటీ. దీని గురించి వాదన అనవసరం. చాలామందికి ఉన్నది కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన సీటీ. దాని మీద సాంద్రత కొలిస్తే కింద చెప్పే లెక్కలు పనికిరావు. కాబట్టి "ఇప్పటికే సీటీ ఉంది కదా" అనుకోకుండా, కాంట్రాస్ట్ లేకుండా తీసిన భాగం అందులో ఉందో లేదో కనుక్కోండి.

సీటీలో సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు. నీళ్లు సున్నా, కొవ్వు మైనస్‌లో ఉంటుంది. గడ్డ అంతా ఒకే తీరుగా ఉండి 10 లేదా అంతకన్నా తక్కువ ఉంటే, సైజు ఎంతైనా సరే అది హాని లేనిదేనని 2023లో వచ్చిన యూరోపియన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక్కడ అసలు కీలకం "అంతా ఒకే తీరుగా" అన్న షరతు. రెండు భాగాల గడ్డ ఆ షరతు దగ్గరే తప్పిపోతుంది.

ఒక ఉదాహరణ చూడండి. గడ్డ సైజు 3.5 సెంటీమీటర్లు. పెద్ద భాగం 4 యూనిట్లు, ఓ పక్కన చిన్న ముద్ద 34 యూనిట్లు. రేడియాలజిస్ట్ మొత్తం గడ్డ మీద ఒకే గుండ్రం గీసి సగటు కొలిస్తే 9 అని రావచ్చు. 9 అంటే పదిలోపే, మంచి అడినోమా అని రిపోర్టు వచ్చేస్తుంది. 34 ఉన్న ముద్ద ఆ సగటులో మాయమైపోతుంది. అందుకే రెండు భాగాలున్నప్పుడు రేడియాలజిస్ట్‌ను అడగాల్సింది ఒక్కటే: "దేనికది విడిగా కొలిచారా? ఒక్కోదాని సైజెంత, యూనిట్లెంత?" రిపోర్టులో ఒకే అంకె ఉంటే, కొత్త స్కాన్‌కు డబ్బు పెట్టేముందు ఉన్న స్కాన్‌నే మళ్లీ చదివించుకోండి.

ఒక భాగం మైనస్ 30 కన్నా కింద ఉంటే అక్కడ కొవ్వు ఉన్నట్టే. మిగతా భాగం పదిలోపు ఉంటే అడినోమా, మైలోలైపోమా జంట అని దాదాపు తేలిపోయినట్టు. ఇంకో స్కాన్ అక్కర్లేదు.

మిగతా భాగం పది దాటితేనే రెండో స్కాన్ ప్రశ్న వస్తుంది. ఇక్కడ నా ఓటు ఎంఆర్ఐకి, అందులోనూ కెమికల్ షిఫ్ట్ పద్ధతికి. అడినోమా కణాల లోపల సన్నటి కొవ్వు ఉంటుంది. ఈ పద్ధతిలో రెండు రకాల చిత్రాలు తీస్తే, ఒకదాంట్లో ఆ భాగం నల్లబడుతుంది. గడ్డలో సగం నల్లబడి సగం అలాగే ఉంటే రెండూ వేర్వేరు అనడానికి అంతకన్నా స్పష్టమైన చిత్రం దొరకదు. కానీ కిడ్నీ, కాలేయ క్యాన్సర్ల నుంచి వచ్చిన మెటాస్టాసిస్ కూడా ఇలా నల్లబడగలదు. మీకు ఆ చరిత్ర ఉంటే రేడియాలజిస్ట్‌కు ముందే చెప్పండి, కాగితం మీద రాసి ఇచ్చినా సరే.

కాంట్రాస్ట్ ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ సీటీ తీసి, మందు ఎంత వేగంగా బయటికి పోయిందో చూసే వాషౌట్ పద్ధతి చాలాచోట్ల ఇప్పటికీ నడుస్తోంది. ఫియో కూడా ఒక్కోసారి అడినోమాలాగే మందును గబగబా వదిలేస్తుంది కాబట్టి, రెండు భాగాల గడ్డలో దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడటం నాకు నచ్చదు.

పెట్ సీటీకి ఒకే చోట నిజమైన విలువ ఉంది: క్యాన్సర్ చరిత్ర ఉన్నవారిలో. ఎక్కించిన చక్కెర లాంటి మందును ఎక్కువగా పీల్చుకునే భాగం ఇందులో మెరుస్తుంది. గడ్డలో ఒక భాగం మెరవకుండా, ఇంకో భాగం మెరుస్తూ కనిపిస్తే మెటాస్టాసిస్ అనుమానం బలపడుతుంది. క్యాన్సర్ చరిత్ర లేనివారికి పెట్ తీస్తే జవాబులకన్నా ప్రశ్నలే ఎక్కువ మిగలొచ్చు. ఎందుకంటే ఫియో మెరుస్తుంది, కార్టిసాల్ వదిలే అడినోమా కూడా కొన్నిసార్లు మెరుస్తుంది.

రక్తపరీక్షల్లో ఏదీ వదలకండి

స్కాన్ ఎంత ముద్దుగా ఉన్నా ఈ పరీక్షలు లేకుండా కత్తి, సూది మాట ఎత్తకూడదు.

మెటానెఫ్రిన్లు మొదటివి. రక్తంలో గానీ 24 గంటల మూత్రంలో గానీ చూస్తారు. గడ్డ మొత్తం పది యూనిట్లలోపు ఒకే తీరుగా ఉంటే ఈ పరీక్ష అక్కర్లేదని మార్గదర్శకాలే చెబుతాయి. ఆ మినహాయింపును రెండు భాగాల గడ్డకు వాడుకోకూడదు. ఒక భాగం కొవ్వు అయినంత మాత్రాన రెండో భాగం ఫియో కాకుండా పోదు. రక్తంతో చేస్తే 20, 30 నిమిషాలు పడుకోబెట్టి తీస్తే ఫలితం నమ్మకంగా ఉంటుంది. కుర్చీలో కూర్చోబెట్టి హడావిడిగా లాగితే లేనిపోని ఎక్కువ అంకెలు వస్తాయి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు, ముఖ్యంగా వెన్లాఫాక్సిన్, ఎమిట్రిప్టిలిన్ లాంటివి కూడా అంకెను పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకండి, డాక్టర్‌కు చెప్పండి.

కార్టిసాల్‌కు రాత్రి 11, 12 గంటల మధ్య ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర వేసుకుని, మర్నాడు పొద్దున 8, 9 గంటలకు రక్తం ఇవ్వాలి. కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు లేదా అంతకన్నా తక్కువకు దిగితే గడ్డ సొంతంగా కార్టిసాల్ వదలడం లేదని అర్థం. గర్భనిరోధక మాత్రలు, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఈ ఫలితాన్ని చెడగొడతాయి. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారికీ నమ్మకంగా రాదు. ఫియో అనుమానం గట్టిగా ఉంటే ముందు మెటానెఫ్రిన్లు చూశాకే ఈ మాత్ర వేసుకోవడం మేలు. స్టెరాయిడ్లు ఫియోను రెచ్చగొట్టిన సందర్భాలున్నాయి.

బీపీ ఉన్నా, పొటాషియం తక్కువున్నా ఆల్డోస్టెరాన్‌కూ, దాన్ని నడిపించే కిడ్నీ పదార్థం రెనిన్‌కూ మధ్య నిష్పత్తి చూడాలి. లేకపోతే అవసరం లేదు.

ఆగడమా, సూదా, ఆపరేషనా?

ముందు సూది సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరికీ అదే సులువైన దారిగా కనబడుతుంది. రెండు కణితుల గ్రంథికి బయాప్సీ సాధారణంగా తప్పు ఎంపిక. సూది ఎక్కడ దిగితే అక్కడి కణాలే వస్తాయి. అడినోమా భాగంలో దిగితే "అడినోమా" అని రిపోర్టు వస్తుంది, దాని పక్కనే ఉన్న ప్రమాదకరమైన భాగాన్ని సూది తాకనే లేదు. ఫియోలో గుచ్చితే బీపీ అదుపు తప్పుతుంది. కార్టెక్స్ క్యాన్సర్‌లో గుచ్చితే కణాలు బయట చిందే ముప్పు ఉంది, పైగా సూదితో వచ్చిన కొద్ది ముక్కను చూసి అడినోమానా, క్యాన్సరా అని చెప్పడం పాథాలజిస్ట్‌కే కష్టం. సూదికి చోటున్నది ఒక్క సందర్భంలోనే: వేరే చోట క్యాన్సర్ ఉండి, మెటాస్టాసిస్ అవునో కాదో తేలితే చికిత్స మారిపోతుందన్నప్పుడు, అదీ మెటానెఫ్రిన్లు నార్మల్ అని చేతికొచ్చాక. అప్పుడు కూడా సూది ఏ భాగంలో దించాలో పెట్, ఎంఆర్ఐ చిత్రాలు ముందు పెట్టుకుని నిర్ణయించాలి.

ఆగి చూడటం ఎవరికి? రెండు భాగాలూ విడివిడిగా హాని లేనివేనని తేలి, హార్మోన్లు అన్నీ నార్మల్‌గా ఉన్నవారికి. అడినోమా, మైలోలైపోమా జంటలో ఎక్కువమంది ఈ కోవకే వస్తారు. మైలోలైపోమా ఆరేడు సెంటీమీటర్లు దాటినా, నొప్పి పెడుతున్నా, లోపల రక్తం కారిన ఆనవాళ్లున్నా అప్పుడు తీసే మాట వస్తుంది. ఒక భాగం ఇంకా తేలకుండా ఉండి, గడ్డ 4 సెంటీమీటర్లలోపే అయితే 6 నుంచి 12 నెలల్లో మళ్లీ స్కాన్ తీయించుకోవచ్చు. అందులో పెద్ద కొలత 20 శాతం కన్నా ఎక్కువ పెరిగి, ఆ పెరుగుదల కనీసం 5 మిల్లీమీటర్లు ఉంటే తీసేయడం గురించి ఆలోచిస్తారు. ఇక్కడా మొత్తం గడ్డ సైజును మాత్రమే పోల్చితే మోసపోతారు. మొత్తం 40 మిల్లీమీటర్ల నుంచి 43 అయిందంటే ఎవరూ పట్టించుకోరు. కానీ అందులోని చిన్న ముద్ద 12 నుంచి 20 అయి ఉండవచ్చు. పోల్చాల్సింది తేలని భాగాన్ని, దాని పాత కొలతతో. పాత స్కాన్ ఫిల్ములు కాదు, సీడీ దాచుకోండి.

ఆపరేషన్ వైపు మొగ్గాల్సిన సందర్భాలు సూటిగానే ఉంటాయి. మెటానెఫ్రిన్లు ఎక్కువగా ఉండి ఫియో అని తేలితే తీయాల్సిందే. గడ్డ 4 సెంటీమీటర్లు దాటి, తేలని భాగం 20 యూనిట్లు దాటినా, చిత్రం గజిబిజిగా ఉన్నా ఎక్కువమంది నిపుణులు తీసేయమనే అంటారు. ఒక వైపునే ఆల్డోస్టెరాన్ వదులుతోందని తేలినా అంతే.

నిజంగా ఆలోచనలో పడేసేది మధ్యస్థ కేసు: డెక్సామెథసోన్ పరీక్షలో కార్టిసాల్ కొద్దిగా ఎక్కువ, బయటికి కుషింగ్స్ (కార్టిసాల్ మితిమీరి వచ్చే జబ్బు) లక్షణాలేమీ లేవు, పక్కన మైలోలైపోమా. ఇక్కడ గడ్డను కాదు, మనిషిని చూడాలి. బీపీ, షుగర్ రెండు మూడు మందులకు లొంగకపోయినా, ఎముకలు బోలుగా మారుతున్నా, వయసు తక్కువైనా తీయించుకుంటే లాభం ఉంటుంది. డెబ్భై దాటి, ఇవేవీ లేకుండా తిరుగుతున్న మనిషికి అదే అంకెను చూపించి ఆపరేషన్ బల్ల ఎక్కించడం నాకు సబబుగా అనిపించదు.

తీయాలని తేలాక

మార్గం ఎంపిక సర్జన్ అలవాటు మీద ఎక్కువ ఆధారపడుతుంది. పొట్ట వైపు నుంచి ల్యాప్రోస్కోపీ చేయడం 1992 నుంచి ఉంది. వీపు వైపు నుంచి చేసేది చిన్న గడ్డలకు, ఇంతకుముందు పొట్టలో ఆపరేషన్లు అయినవారికి అనువు. కార్టెక్స్ క్యాన్సర్ చుట్టుపక్కలకు పాకిందన్న అనుమానం ఉంటే మాత్రం పెద్ద కోత పెట్టి తీయడమే సరైనది. గడ్డ పగలకుండా బయటికి రావడం అక్కడ అన్నిటికన్నా ముఖ్యం. సర్జన్‌ను అడగాల్సింది "ఏ పద్ధతి మంచిది?" అని కాదు, "మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు?" అని.

సగం గ్రంథిని మిగిల్చే ఆపరేషన్ రెండు కణితులకు సాధారణంగా సరిపడదు. రెండో వైపు గ్రంథి బాగుంటే అదొక్కటే ఒంటికి చాలు. రెండు వైపులా గడ్డలున్నవారికి, ఉన్నదే ఒక గ్రంథి అయినవారికి, వంశపారంపర్యంగా ఫియోలు వచ్చే జబ్బున్నవారికి మాత్రం మిగల్చడం గురించి మాట్లాడాలి.

ఫియో ఉందంటే 7 నుంచి 14 రోజుల ముందు నుంచి డాక్సజోసిన్, ప్రజోసిన్ లేదా ఫినాక్సీబెంజమిన్ లాంటి ఆల్ఫా బ్లాకర్ (రక్తనాళాలను సడలించే మందు) మొదలుపెట్టి, ఉప్పు, నీళ్లు పెంచుతారు. గుండె దడకు బీటా బ్లాకర్ కావాలంటే దాని తర్వాతే. ముందు బీటా వేస్తే బీపీ ఇంకా ఎగబాకుతుంది. ఫియోతో పాటు కార్టిసాల్ వదిలే అడినోమా కూడా ఉంటే, గ్రంథి తీశాక బీపీ పడిపోవడానికి రెండు కారణాలు ఒకేసారి తయారవుతాయి: అడ్రినలిన్ ఆగిపోవడం ఒకటి, ఇన్నాళ్లూ నిద్రపోయిన రెండో గ్రంథి వెంటనే కార్టిసాల్ అందించలేకపోవడం ఇంకొకటి. అందుకని హైడ్రోకార్టిసోన్ ఇస్తారా, ఎప్పటిదాకా అని మత్తు డాక్టర్‌తో, ఎండోక్రినాలజిస్ట్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఫియో తీశాక షుగర్ పడిపోయే ప్రమాదమూ ఉంది కాబట్టి మొదటి రోజంతా గమనిస్తారు.

పాథాలజీ రిపోర్టు వచ్చాక రెండు కణితులకూ విడివిడిగా పేర్లు, సైజులు రాసి ఉన్నాయో లేదో చూడండి. కణాలు ఎక్కడివో తేల్చడానికి ల్యాబ్‌లో ముక్కకు ప్రత్యేక రంగులు పట్టిస్తారు. క్రోమోగ్రానిన్ రంగు పట్టిన భాగం మెడుల్లా నుంచి వచ్చింది, ఇన్హిబిన్, ఎస్ఎఫ్-1 పట్టిన భాగం కార్టెక్స్ నుంచి వచ్చింది. సినాప్టోఫైసిన్ రెండింటికీ పట్టవచ్చు కనుక అదొక్కటే చూసి తేల్చకూడదు. కార్టెక్స్ భాగానికి వైస్ స్కోరు (మైక్రోస్కోప్‌లో కనిపించే అనుమానపు లక్షణాల లెక్క) 3 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే క్యాన్సర్‌గా పరిగణించి ముందుకు వెళతారు.

తర్వాతి చూపు కూడా చెడ్డదాన్ని బట్టే. అడినోమా, మైలోలైపోమా అని తేలి పూర్తిగా తీసేస్తే మళ్లీ స్కాన్లు అక్కర్లేదు. కార్టిసాల్ వదిలేది అయితే రెండో గ్రంథి కోలుకునేదాకా హైడ్రోకార్టిసోన్ కొనసాగుతుంది, దానికి నెలలు పట్టవచ్చు. ఆలోగా జ్వరమో వాంతులో వస్తే మోతాదు పెంచాలని ఇంట్లోవాళ్లకు తెలిసుండాలి. ఫియో అయితే ఏడాదికోసారి మెటానెఫ్రిన్లు కనీసం పదేళ్లు చూడాలి. జన్యు పరీక్ష కూడా చేయించుకోవాలి, ఎందుకంటే ఫియో వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మందికి అది వంశపారంపర్యంగా వచ్చిందే. ఆ పరీక్షలో ఏదైనా బయటపడితే తోబుట్టువులకూ పిల్లలకూ చేయించాల్సి ఉంటుంది.